ఉప్పు బేరగాడి సఫర్

మీట నొక్కి, వదిలి, మళ్ళీ నొక్కి వెంకట్రాజం తన గొంతు తానే వింటున్నాడు. నోట్లో వేపపుల్ల, భుజం మీద తువ్వాల. టేపు రికార్డరు నీళ్ళ గోలెం మూత మీద, మడతపెట్టిన గోనె పట్టా మీద దర్జాగా కూర్చుని ఉంది. దాని బ్యాటరీల తలుపు ఎప్పుడో విరిగిపోతే కార్ఖానా నుంచి తెచ్చిన ఎర్ర నూలుతో కట్టాడు.

“వాగు పొంగుతాంది. నీళ్ళు గావు, ఎర్రమన్ను నడిచొస్తాంది. ఉప్పు బేరగాడు కాలు పెట్టిండు. మోకాలు మునిగింది. నడుము మునిగింది. తలమీది మూట తడిసి ఉప్పు కరుగుతాంది. మూట తేలికయితాంది, మనిషి బరువయితాండు...”

అక్కడికి వచ్చేసరికి పుల్ల నమలడం ఆపాడు. మూట తేలికవడం, మనిషి బరువవడం! ఆ మాట ఎక్కడ నుంచి ఊడిపడిందో అతనికే తెలియదు. ఆదివారం నుంచి ప్రతి పొద్దునా ఆ ఒక్క ముక్కనే తిప్పి తిప్పి వింటున్నాడు. పండగనాటి పాయసం గిన్నె చివర నాకే పిల్లవాడికి, అతనికి పెద్ద తేడా లేదు.

“పొద్దుగాల్నే నీ గొంతు నీకే గంత ముద్దొస్తాందా?” అంది అనసూయ, నల్లా దగ్గర బిందె పెడుతూ. “నాకు దినమంత వింటె చాలనిపిస్తది.”

“నీకు తెల్వదు. తప్పులు దిద్దుకుంటాన.”

“ఏ తప్పు దొరికింది?”

వెంకట్రాజం పుల్లను ఇంకో బుగ్గకు మార్చుకున్నాడు. నిజం చెప్పాలంటే ఈ వారం ఏ తప్పూ వెతకలేదు.

కొత్తవాడలో షత్రంజీలు, నేల మీద పరిచే మందపాటి జంపఖానాలు, నేసే కార్ఖానాలో అతను కుడివైపు మనిషి. వెడల్పాటి మగ్గానికి ఇద్దరు కావాలి. బల్ల మీద పక్కపక్కన కూర్చుని, నూలు చుట్టిన నాడెను ఒకరు విసిరితే ఇంకొకరు అందుకోవాలి. ఎడమవైపు సారంగపాణి. ఇద్దరూ మీసాలు రాని వయసులో ఆ బల్ల ఎక్కారు. ఇప్పుడు ఇద్దరికీ కనుబొమల మీద దూది, కనుబొమల్లో తెలుపు. ఏది ఏదో దులిపితే గాని తెలియదు. వెంకట్రాజం కుడి భుజం ఎడమదానికంటే లావు. సారంగపాణికి ఎడమది లావు. పక్కపక్కన నడిచి వస్తుంటే ఒకే మనిషిని నిలువునా చీల్చినట్టు ఉండేవారు. వాళ్ళు నేసిన షత్రంజీల మీద ఊళ్ళ జనం పెళ్ళిళ్ళు చేసుకున్నారు, మీటింగులు పెట్టుకున్నారు, దినాల భోజనాలు చేశారు. వీళ్ళు మాత్రం వేములవాడ దాటి ఎక్కడికీ పోలేదు.

అందుకేనేమో ఈ సఫర్, కూర్చున్న చోటి నుంచే చేసే ఈ ప్రయాణం.

మొదట అది మామూలు పచ్చీసు. ఆదివారం సగం పూట సెలవు కాబట్టి అన్నాలు తిన్నాక కార్ఖానాలోనే గవ్వలు ఆడేవారు. ఒక వానాకాలం పచ్చీసు బట్ట మీది గళ్ళు అరిగిపోయి కనబడకుండా పోయాయి. అప్పుడు వెంకట్రాజం, “గళ్ళెందుకు? నీ కాయ కాయ గాదు, మనిషి. ఖిల్లా నుంచి పాలంపేటకు బయలెల్లిండు. చెప్పు, ఎటు పోతడు?” అన్నాడు. సారంగపాణి సిగ్గుపడుతూనే, “ఉప్పు అమ్ముకుంట పోతడు” అన్నాడు. అట్లా మొదలైంది. కండెలు చుట్టే రాజక్క గాజులమ్మే మనిషి అయింది. ధర్మసాగర్ నుంచి సైకిలు మీద వచ్చే కట్టయ్య ముచ్చటపడి దొంగ అయ్యాడు. వెంకట్రాజం మాత్రం అడవి అయ్యాడు, వాన అయ్యాడు, దారిలో ఎదురయ్యే ప్రతి పులీ, పటేలూ తనే అయ్యాడు.

ఆటకు అతను పెట్టిన కట్టు ఒకటే. ఎవరి మనిషి ఎటు అడుగు వేస్తాడో వాళ్ళే నోటితో చెప్పాలి. చెప్పాకే ఏడు గవ్వలు వేయాలి. ఎన్ని వెల్లకిల పడితే అంత మంచి. ఏడూ బోర్లా పడితే ఆ మనిషి దారిలోనే పోయినట్టు. వాడిని ఆడే మనిషి, మిగతావాళ్ళు పాలంపేట చేరేదాకా పక్కన కూర్చోవాల్సిందే. ఏడ్చినా, బతిమాలినా ఇంకో చాన్సు లేదు.

టేపు రికార్డరు అనసూయ తమ్ముడు మస్కట్ నుంచి తెచ్చాడు. దానితో ఒక ఖాళీ క్యాసెట్టు ఇచ్చి, దాని వెనక మూలలు చూపించాడు. “ఈ రెండు పలుకులు ఇరిస్తె ఇగ దీని మీద కొత్తది ఎక్కది బావా, ఉన్నది అట్లనే ఉంటది. ఇరవకు, నీకున్నది ఇదొక్కటే” అన్నాడు. అందరూ పాటలు ఎక్కించుకుంటారనుకున్నారు. వెంకట్రాజం సఫర్ ఎక్కించాడు. అంతకుముందు ఒక ఆదివారం తను కథ చెబుతుండగా రాజక్క ఆవులించింది. ఆ ఆవులింత అతన్ని పది రోజులు నిద్రపోనివ్వలేదు. టేపులో విన్నాక తెలిసింది, మాటకు ముందు ఒక ‘ఇగ’, మాట తర్వాత ఒక ‘ఇగ’. తన జోకుకు తనే ముందు నవ్వుతున్నాడు. ఏ అడవి చూసినా అదే అడవి. ఒక్కొక్కటే దిద్దుకున్నాడు. జీవితంలో ఇంకేదీ అంత శ్రద్ధగా నేర్చుకోలేదు.

బాగుపడవలసింది తనే కాబట్టి యంత్రం ఎప్పుడూ తన నోటి దగ్గరే ఉండేది. తక్కినవాళ్ళ గొంతులు బావి అడుగు నుంచి వచ్చినట్టు వచ్చేవి. సారంగపాణికి దగ్గు వస్తే ఠక్కున మీట నొక్కి ఆపేవాడు. ఈమధ్య చాలాసార్లు ఆపాల్సి వచ్చింది.

పోయిన ఆదివారం వాగు ఒడ్డున సారంగపాణికి ఏడూ బోర్లా పడ్డాయి. సోమవారం అతను పనికి రాలేదు. మంగళవారమూ రాలేదు. సుబేదారి డాక్టరు రొమ్ము ఫోటో తీయించి, తల ఊపి, బలమైన తిండి పెట్టమన్నాడట. ఇన్నాళ్ళూ ఆ దగ్గుతోనే వచ్చినవాడు ఇప్పుడే ఎందుకు పడుకున్నాడో ఎవరికీ తెలియదు.

అనసూయ బిందె ఎత్తుకుని లోపలికి పోయింది. ఆఖరుసారి విందామని వెంకట్రాజం టేపును వెనక్కి తిప్పాడు. మీట కాస్త బిగుసుకుని, టేపు రోజూ ఆగే చోటు దాటిపోయింది. రాజక్క నవ్వు వినబడింది. నూలు రాట్నం కిర్రు వినబడింది. దాని కింద, ఎక్కడో దూరంగా, సారంగపాణి గొంతు.

“నేను దిగ. ఎనుకకు మళ్ళుత.”

ఆ మాట పూర్తి కాకముందే దాని మీద పడి తన గొంతు. “ఉప్పు బేరగాడు వాగుకాడికొచ్చిండు, ఎయ్యి గవ్వలు! వాగు పొంగుతాంది...”

వెంకట్రాజం నోట్లో పుల్ల జారి నేల మీద పడింది. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ విన్నాడు. దిగను అన్నాడు. వెనక్కి మళ్ళుతానన్నాడు. దిగనన్నవాడిని తను వాగులో దింపాడు. ముంచాడు. ముంచినందుకు తన్ను తానే మెచ్చుకుంటూ రోజూ పళ్ళు తోముకున్నాడు.

ఆ పొద్దున అతనికి అన్నం సయించలేదు. రికార్డరును సంచిలో పెట్టుకుని కార్ఖానాకు పోయాడు.

సారంగపాణి చోట కట్టయ్య కూర్చున్నాడు. కట్టయ్య చెయ్యి మంచిదే, కానీ తొందర ఎక్కువ. నాడె రావలసిన చోటికి రాదు. వెంకట్రాజం చూడకుండా చెయ్యి చాపితే వేళ్ళలో గాలే పడుతోంది. ఎర్ర పట్టీ పక్కన నీలం పట్టీ వేస్తుండగా అంచు ఒక వేలెడు పక్కకు పోయింది. ఇద్దరూ నూలు విప్పి మళ్ళీ నేశారు.

“ఏమైందన్నా, ఇయ్యాల చెయ్యి ఆడుతలేదు నీది?” అన్నాడు కట్టయ్య.

వెంకట్రాజం చెప్పాడు. రాజక్క రాట్నం ఆపి విన్నది. ఆమె పెద్దది, ఇద్దరినీ బల్ల ఎక్కిన రోజు నుంచీ ఎరుగును.

“నేను ఇన్న,” అంది.

“ఏమి ఇన్నవ్?”

“దిగ అన్నడు. నేను ఇన్న. నువ్వే ఇనలే తమ్మీ. నువ్వు చెప్పుడు మొదలుపెడితె పక్కన పిడుగు పడ్డ ఇనవు.” కండెను చేతిలో ఒక చుట్టు తిప్పింది. “ఆయన ఆ దగ్గుతోని కార్ఖానకు ఎందుకొస్తుండెనో ఎరుకేనా? నేసేటందుకు గాదు. ఆయితారం కోసం. నువ్వు ఆయనను ముంచితివి, ఇగ ఎందుకొస్తడు?”

వెంకట్రాజం లేచి నిలబడ్డాడు. చేతులు తుడుచుకుని సేటు దగ్గరికి పోయి, జర పని ఉన్నది, శివనగర్‌లో సారంగపాణి ఇంటిదాకా పోయొస్తానని అడిగాడు. సేటు చెడ్డవాడేమీ కాదు. కానీ ఆ షత్రంజీ పొద్దుగూకేలోగా ఒక పెళ్ళివారికి చేరాలి.

“నువ్వు లేస్తె మగ్గం ఒక్కని చెయ్యి మీద నడుస్తదా? కోసినంక పో, రేపు సుత సెలవు తీసుకో,” అన్నాడు.

ఏం చేస్తాడు? వచ్చి కూర్చున్నాడు. మధ్యాహ్నం డబ్బా విప్పలేదు. బ్యాటరీలు తీసి కిటికీ అంచున ఎండకు పెట్టాడు, ఇంకొంచెం జీవం వస్తుందని. తర్వాత ఏడు గవ్వలున్న గుడ్డమూట మొలలో ఉందో లేదో రెండుసార్లు తడిమి చూసుకున్నాడు. చేతులు నేస్తూనే ఉన్నాయి. నోరు మాత్రం లోలోపల ఏం చెప్పాలో అల్లుకుంటోంది. ‘సారంగం, తప్పయింది’ అనాలా? నలభై ఏళ్ళుగా ఒకే బల్ల మీద కూర్చున్నవాళ్ళు ఒకరికొకరు తప్పయిందని చెప్పుకున్న గుర్తు లేదు. అవసరం రాలేదు, లేదా వచ్చినా తెలియలేదు.

ఎండ పెంకుల మీద నుంచి దిగేసరికి నేత అయింది. మగ్గం మీది నుంచి కోసేటప్పుడు ఇద్దరు నేతగాళ్ళూ చెరో అంచు నుంచి కోసుకుంటూ వచ్చి నడుమ కలవడం ఆనవాయితీ. కట్టయ్య తొందరగా కోసి నడుమ దాటి ఇవతలికి వచ్చేశాడు. వెంకట్రాజం కత్తెర పక్కన పెట్టి, సంచి తీసుకుని బయట పడ్డాడు.

మండీ బజారులో బండ్లు తప్పించుకుంటూ, స్టేషను రోడ్డు మీదుగా, రైలు వంతెన కింది బురద దాటుకుంటూ నడిచాడు. సంచిని ఛాతీకి ఆనించి పట్టుకున్నాడు. ఎదురొచ్చిన తెలిసినవాళ్ళు పలకరిస్తే తల ఊపాడు గాని ఆగలేదు.

సారంగపాణి ఇల్లు ఒక గది, ముందు ఒక పంచ. భార్య పూలమ్మ గడపలో కూర్చుని బియ్యం ఏరుతోంది. ఏరిన బియ్యమే మళ్ళీ ఏరుతోందని చూస్తేనే తెలుస్తోంది.

“రాన్నా,” అంది. “పొద్దటి సంది ముద్ద ముట్టలే. నువ్వన్న చెప్పు.”

“దవాఖానకు పోదామంటె?”

“పోనంటాండు. మంచం దిగనంటాండు.”

లోపల నులక మంచం మీద సారంగపాణి గోడకు ఆనుకుని ఉన్నాడు. ఎడమ భుజం ఒక్కటే అతనిదిలా ఉంది. తక్కిన ఒళ్ళంతా ఎవరిదో తెచ్చి తగిలించినట్టు సన్నబడింది. మెడ దగ్గర గుంటలు. కనుబొమల మీద దూది లేదు. అవి పూర్తిగా తెల్లవని వెంకట్రాజం మొదటిసారి చూశాడు. భయమేసింది.

మంచం పక్కన కూలబడి, అల్లుకున్న మాటలన్నీ మరిచిపోయి, “సారంగం, నువ్వు చావలేదురా,” అన్నాడు.

సారంగపాణి కళ్ళు తిప్పాడు. “డాక్టరన్నడా?”

“డాక్టరు గాదు, టేపు అన్నది. ఉప్పు బేరగాడు చావలె. ఇను.”

మీట నొక్కాడు. రాజక్క నవ్వు. రాట్నం కిర్రు. ‘నేను దిగ. ఎనుకకు మళ్ళుత.’ ఠక్కున ఆపాడు.

“ఇన్నవా? చెప్పినంకనే గవ్వ. నువ్వు దిగ అంటివి. నేను దిగినట్టు గవ్వలు ఏయిస్తి. ఆ పందెం చెల్లది.”

సారంగపాణి చాలాసేపు రికార్డరు వంకే చూశాడు. “నా గొంతు గట్లుంటదా?” అన్నాడు ముందు. తర్వాత, “నాకెరుకేరా రాజం. నేనన్న. నువ్వు ఇనలే.”

“మరి నోరెందుకు మూసుకున్నవ్? గట్టిగ అనకపోతివా?”

“నువ్వు మంచిగ చెప్తాంటివి.” దగ్గు వచ్చింది. అది ఆగేదాకా ఇద్దరూ ఆగారు. “ఆ మూట తేలికయితాందంటివి సూడు... ఆపబుద్ధి గాలే. ఎన్నడు గంత మంచిగ చెప్పలే నువ్వు.”

ఆ మెప్పు కోసమే వెంకట్రాజం ఇన్నేళ్ళు వేపపుల్ల నములుతూ గోలెం పక్కన నిలబడ్డాడు. అది ఇప్పుడు దొరికింది. తల వంచుకుని రికార్డరు మీది నూలు ముడి సవరించాడు. కళ్ళు తుడుచుకోవడానికి అదో సాకు.

“అయితె ఇప్పుడు చెప్పు,” అన్నాడు. “ఎనుకకు మళ్ళినవ్. ఎటు పోతవ్?”

యంత్రాన్ని ఎత్తి, సారంగపాణి దిండు మీద, నోటికి దగ్గరగా పెట్టాడు. ఇన్నాళ్ళలో అది ఆ వైపు తిరగడం ఇదే మొదటిసారి. రెండు మీటలు కలిపి నొక్కబోయి వేళ్ళు ఆగాయి. టేపు సరిగ్గా ‘మళ్ళుత’ దగ్గర ఉంది. ఇక్కడి నుంచి ఎక్కిస్తే తన వాగు పోతుంది. మూట పోతుంది. అట్లాంటి ముక్క మళ్ళీ నోట రాదని అతనికి తెలుసు. నొక్కేశాడు.

సారంగపాణి కళ్ళు మూసుకున్నాడు.

“ఒడ్డు ఎక్కుత. మూట తలమీదనే ఉన్నది. తడవలే.” ఊపిరి తీసుకున్నాడు. “పొద్దు గూకుతాంది. ఎనుకకు నడుస్త.”

ఇక్కడ ఒక పులిని దించవచ్చు. కనీసం ఒక గాలివాన. వెంకట్రాజం నాలుక దురద పెట్టింది. పళ్ళతో పట్టి ఉంచాడు. ఇయ్యాల మాట్లాడవలసింది తను కాదు.

“దారిల ఒక ఆవు అడ్డమొచ్చింది. పిడికెడు ఉప్పు నాకనిచ్చిన. చెయ్యంత గరుకు గరుకు...” సారంగపాణి పెదవి చివర నవ్వులాంటిది కదిలింది. “ఎవ్వలు ఉప్పు కొంటలేరు. కొనకపోతె ఏమాయె. మా వాడకట్టు కనబడుతాంది. మగ్గాల సప్పుడు లేదు. మా అమ్మ వాకిలి ఊడ్సిపెట్టింది.”

సారంగపాణికి పదేళ్ళు నిండకముందే వాళ్ళమ్మ పోయింది. వెంకట్రాజం అడ్డు చెప్పలేదు.

“తలుపు పెట్టి ఉన్నది. కొడుత.”

చెప్పాడు. చెప్పాకే గవ్వ. వెంకట్రాజం మొలలోని మూట విప్పి ఏడు గవ్వలూ సారంగపాణి అరచేతిలో పోసి, వేళ్ళు ఒక్కొక్కటిగా మూశాడు.

“గవ్వలెయ్యి.”

“ఆగు. జర మూట దించనియ్యి.”

వెంకట్రాజం ఆగాడు.

ఆగడం అతనికి రాదు. ఎవరైనా ఒక క్షణం తడబడితే తన మాటతో ఆ ఖాళీ నింపేసేవాడు. ఆ ఖాళీలో ఏం పోగొట్టుకున్నాడో పొద్దున తెలిసింది కాబట్టి ఇప్పుడు కదలకుండా కూర్చున్నాడు. తలుపు దగ్గర నిలబడ్డ మనిషిని తొందర పెట్టకూడదు. మూట బరువైనది, నిదానంగా దించుకోనీ. వంతెన మీద రైలు పోయింది, గూట్లో గిన్నెలు అదిరాయి, మళ్ళీ నిమ్మళించాయి. టేపు చక్రాలు మెల్లగా తిరుగుతున్నాయి. గదిలో మసక పరుచుకుంది. ఇంత ఓపిక తనకు ఎక్కడిదా అని లోలోపల కాస్త గర్వం కూడా కలిగింది. ఇదే కదా ఇన్నాళ్ళూ నేర్చుకోవలసింది అనుకున్నాడు.

టేపు అయిపోయి మీటలు టక్కున పైకి లేచాయి. ఆ చప్పుడుకు సారంగపాణి రెప్ప కదలలేదు.

పూలమ్మ దీపం పట్టుకుని వచ్చింది. గడపలోనే ఆగిపోయింది. “పండుకున్నడా అన్నా?” అంది. వెంకట్రాజం లేచి, మంచం పక్కన ఆమెకు చోటిచ్చాడు. ఆమెకు జవాబు అందింది.

ఆమె ఏడుపుకు ఇరుగుపొరుగు వచ్చారు. ఎవరో అతన్ని మంచం మీంచి చాప మీదికి దింపారు, ఎవరో రాజక్కకూ కట్టయ్యకూ కబురు పంపారు. పూలమ్మే భర్త పిడికిలి విప్పింది. గవ్వలు చాప మీద దొర్లాయి. ఏ గవ్వ ఎట్లా పడిందో క్షణంలో చెప్పగల వెంకట్రాజం వాటి వైపు చూడకుండానే ఏరి, గూట్లో పెట్టాడు.

“అండ్ల ఆయన గొంతున్నదా అన్నా?” అని అడిగింది పూలమ్మ, కొంగు నోటి మీద నుంచి తీసి.

“ఉన్నది చెల్లె.”

“దగ్గు సుత ఉన్నదా?”

ఆపిన దగ్గులన్నీ అతనికి ఒక్కసారి గుర్తొచ్చాయి. “లేదు,” అన్నాడు. “అది నేను పట్టలే.”

క్యాసెట్టు తీసి, వెనక్కి తిప్పి, గోటితో ఒక మూల విరిచాడు. రెండోది గట్టిగా ఉంది. పంటితో విరిచి, రెండు పలుకులూ గూట్లో వేశాడు. క్యాసెట్టును పూలమ్మ చేతిలో పెట్టి, వాకిట్లో కట్టెలు దించుతున్నవాళ్ళకు సాయం పట్టడానికి బయటికి వెళ్ళాడు.

గూట్లో దీపం పక్కన, ఏడు గవ్వల నడుమ, గోరు చివరంత నల్లటి పలుకులు రెండు మిగిలాయి.